ఉప్పుదిమ్మ వేలాడదీసినా గుర్రం గోడ నాకుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా గుర్రానికి ఆరేళ్ళు. రోజూ గంటసేపు స్వారీ చేస్తాను, వారానికోసారి రెండు మూడు గంటలు దూరం తీసుకెళ్తాను. మేత ఎండుగడ్డి, కొంచెం ఓట్స్, రోజుకు రెండు కిలోల గోధుమ తవుడు. ఈ మధ్య సాలలో గోడలు నాకుతోంది, మట్టి తింటోంది. స్వారీ అయ్యాక నా చేతులు పట్టుకుని వదలదు, నాకుతూనే ఉంటుంది. గులాబీ రంగు ఉప్పురాయిలో అన్ని ఖనిజాలూ ఉంటాయని ఒకరంటే కొని వేలాడదీశాను. వారాలు గడిచినా అది అరిగినట్టే లేదు. ఇంకొకరు పశువులకు వేసే మినరల్ పొడి రోజుకో గుప్పెడు కలిపెయ్యమన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఉప్పు ఎక్కువైతే వేడి చేస్తుంది, కిడ్నీలు పోతాయి అంటున్నారు. దానికేం కావాలో దానికే తెలుసు, వదిలెయ్ అనేవాళ్ళు కూడా ఉన్నారు. అందరి మాటా విని టెన్షన్ ఎక్కువైంది. ఎంత ఉప్పు వెయ్యాలి, ఏ ఉప్పు వెయ్యాలి, మినరల్స్ కూడా కావాలా?

జవాబు: ముందుగా ఆ పశువుల పొడి సంగతి. ఇంకా మొదలుపెట్టకపోతే మొదలుపెట్టకండి. మొదలుపెట్టి ఉంటే ఈ పూటే ఆపేసి, సంచి మీద రాసింది చదవండి. పశువుల మేతల్లో, మినరల్ పొడుల్లో, నాకుడు దిమ్మల్లో కొన్నిటికి మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోళ్ళ దాణాలో సాలినోమైసిన్ లాంటివి కలుపుతారు. ఆవుకు మోనెన్సిన్ మేలు చేస్తుంది, గుర్రానికి మాత్రం విషం. ఆవు తట్టుకునే మోతాదులో పదో వంతు కూడా గుర్రం తట్టుకోలేదు. గుండె కండరం దెబ్బతింటుంది, దానికి విరుగుడు మందు లేదు. కొన్ని దిమ్మల్లో యూరియా కూడా ఉంటుంది. పశువుల పొడులన్నిట్లో ఇవి ఉంటాయని కాదు. కానీ రాసి ఉన్నదాన్ని నమ్మి గుప్పెళ్ళతో వెయ్యడానికి ఇది చిన్న విషయం కాదు. ఒకే మిషన్లో పశువుల మేత, గుర్రాల మేత కలిపే చోట అడుగున మిగిలిన పశువుల మేత గుర్రాల మేతలోకి వచ్చిన సందర్భాలున్నాయి. గుర్రానికి గుర్రం కోసం తయారుచేసిందే వెయ్యాలి. ఇందులో నేను రాజీపడను.

ఇక మీ అసలు ప్రశ్న. ఉప్పునూ మినరల్స్‌నూ మీరు ఒకే గాటన కట్టేశారు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి ఇవి రెండు వేరు వేరు పనులు. ఉప్పు రోజూ కొలిచి దాణాలో కలపాల్సిందే, దానికి ఏ పరీక్షా అక్కర్లేదు. మిగతా ఖనిజాలు మాత్రం మేతలో ఏది తక్కువో చూసి, ఆ తక్కువ మేరకే వెయ్యాలి. ఉప్పు కాస్త ఎక్కువైనా నీళ్ళు తాగి మూత్రంలో పోగొట్టుకుంటుంది. ఖనిజాలు ఎక్కువైతే అలా పోవు. కొన్ని ఒంట్లో పేరుకుంటాయి, కొన్ని ఇంకోదాన్ని ఒంటికి పట్టనివ్వవు.

ఉప్పుతో మొదలుపెడదాం. గడ్డి మేసే జంతువులకు ప్రకృతిలో కరువుగా దొరికేది సోడియం. ఎండుగడ్డిలో అది చాలా తక్కువ, పొటాషియం మాత్రం అవసరానికి అయిదారు రెట్లు ఉంటుంది. ఓట్స్‌లో, తవుడులో కూడా సోడియం లేనట్టే లెక్క. అంటే మీరు పెట్టే మేతలో దేన్నుంచీ మీ గుర్రానికి సరిపడా సోడియం రావడం లేదు. అందుకే గోడ, అందుకే మట్టి, అందుకే చెమట పట్టిన మీ చెయ్యి. అది ముద్దు చేయడమే అనుకుని మురిసిపోయేవాళ్ళను చూశాను. ముద్దు కూడా ఉండొచ్చు గానీ, రోజూ, వదలకుండా, అరచెయ్యి నుంచి మోచెయ్యి దాకా నాకుతుంటే ముందు ఉప్పునే అనుమానించండి.

ఎంత వెయ్యాలి? అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007లో ప్రచురించిన గుర్రాల పోషక అవసరాల పట్టికల ప్రకారం పనేమీ లేని గుర్రానికి కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాముల సోడియం కావాలి. ఉప్పులో సోడియం దాదాపు 39 శాతం, మిగతాది క్లోరైడ్. లెక్క కడితే ప్రతి 100 కిలోల బరువుకు 5 గ్రాముల ఉప్పు. 500 కిలోల గుర్రానికి 25 గ్రాములన్నమాట. ఇది ఖాళీగా నిలబడి ఉన్న రోజుకు సరిపోయేది.

మీ గుర్రం బరువు మీరు రాయలేదు. తూకం వేసే సదుపాయం లేకపోతే టేపుతో అంచనా కట్టొచ్చు. ముందుకాళ్ళ మోచేతుల వెనక నుంచి, మూపు మీదుగా, ఛాతీ చుట్టూ కొలవండి. గుర్రం ఊపిరి వదిలినప్పటి కొలత తీసుకోండి. తర్వాత భుజం ముందు ఎముక మొన నుంచి వెనక పిరుదు ఎముక మొన దాకా పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలోనే ఉండాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్ళీ పొడవుతో హెచ్చించి, వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. ఉదాహరణకి చుట్టుకొలత 168, పొడవు 148 అయితే దాదాపు 350 కిలోలు. అలాంటి గుర్రానికి పని లేని రోజు ఉప్పు 18 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పు ఒక పెద్ద చెంచా, తలకొట్టి. రాళ్ళుప్పు అయితే అదే చెంచాలో తక్కువ బరువు పడుతుంది. అందుకని మొదటిసారి చిన్న త్రాసు మీద తూచి, మీ చెంచాకు ఎంత వస్తుందో చూసుకోండి. ఆ తర్వాత చెంచాతోనే సరిపోతుంది.

పని చేసిన రోజు లెక్క మారిపోతుంది. గుర్రం చెమట మన చెమటలాంటిది కాదు. మన చెమటలో ఉప్పు రక్తంలో కంటే బాగా పలచగా ఉంటుంది. గుర్రం చెమటలో ఇంచుమించు రక్తంలో ఉన్నంత చిక్కగా, కొన్నిసార్లు ఇంకా చిక్కగా ఉంటుంది. లీటరు చెమటలో సుమారు 3 గ్రాముల సోడియం, 5 నుంచి 6 గ్రాముల క్లోరైడ్, గ్రాము పైన పొటాషియం పోతాయి. ఎండలో గట్టిగా పరుగెత్తే పెద్ద గుర్రం గంటకు పది లీటర్ల పైనే చెమటోడ్చగలదు. మీరు జీను తీశాక వీపు ఆరేవరకు ఒకసారి ఆగి చూడండి. జీను అంచు ఉన్న చోట వెంట్రుకల మీద తెల్లటి గీత కడుతుంది, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. అది ఉప్పు. దాణా తొట్టిలోకి తిరిగి రావాల్సింది అదే.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించనిది. మనకు చెమట పడితే నీళ్ళు ఎక్కువ పోయి ఉప్పు తక్కువ పోతుంది కాబట్టి రక్తం చిక్కబడుతుంది, వెంటనే దాహం వేస్తుంది. గుర్రానికి నీళ్ళూ ఉప్పూ కలిసి పోతాయి కాబట్టి మిగిలిన రక్తం పెద్దగా చిక్కబడదు. మెదడుకు దాహం కబురు గట్టిగా అందదు. ఒళ్ళంతా తడిసిపోయిన గుర్రం బకెట్టు దగ్గరికి వెళ్ళి నాలుగు గుక్కలు తాగి తల తిప్పేసుకుంటే, దాహం లేదు కాబోలు అని మనం అనుకుంటాం. ఒట్టి నీళ్ళు తాగగానే రక్తంలో సోడియం ఇంకాస్త పలచబడి, ఉన్న కొద్ది దాహం కూడా తగ్గిపోతుంది. ఉప్పు అందితే గానీ అది పోగొట్టుకున్న నీళ్ళన్నీ తిరిగి తాగదు. చలి రోజుల్లో కూడా ఇదే అవసరం. చల్లటి నీళ్ళంటే గుర్రాలు తక్కువ తాగుతాయి, పొడి గడ్డి పేగుల్లో గట్టిపడి కడుపునొప్పి పట్టుకుంటుంది. అందుకే ఎండాకాలం అయిపోయిందని ఉప్పు ఆపెయ్యకండి.

350 కిలోల గుర్రమే అనుకుంటే, జీను కింద, గొంతు దగ్గర మాత్రమే తడిసిన రోజు మామూలు చెంచాకు తోడు అర చెంచా నుంచి ఒక చెంచా కలపండి. మీ వారపు సవారీలో మెడ, పక్కలు మొత్తం తడిసి, పగ్గం రాసుకున్న చోట, వెనక తొడల మధ్య తెల్లటి నురగ కడితే ఇంకో రెండు చెంచాలు, పూటకు కొంచెం చొప్పున, ఆ రోజూ మర్నాడూ సర్దండి. ఒక్క పూటలో మొత్తం కుమ్మరించొద్దు.

వేసే పద్ధతి కూడా చెప్పాలి, చాలా చోట్ల పని చెడేది ఇక్కడే. పొడి ఓట్స్ మీద ఉప్పు చల్లితే అది గింజల సందుల్లోంచి జారి తొట్టి అడుక్కి చేరుతుంది. గుర్రం పైపెదవితో గింజలు ఏరుకుని తినేసి అడుగున ఉప్పు వదిలేస్తుంది. ఉప్పు వేశాం అని మనం అనుకుంటాం, అది ఒంట్లోకి వెళ్ళదు. దాణాను కొంచెం నీళ్ళతో తడిపి, ఉప్పు వేసి, చేత్తో అడుగు నుంచి కలపండి. తిన్నాక తొట్టి మూలల్లో వేలు పెట్టి చూడండి. అలవాటు లేని గుర్రం మొదటిరోజే ఉప్పటి దాణా ముట్టుకోకపోవచ్చు. చిటికెడుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకురండి. రోజుకు రెండు పూటలకో మూడు పూటలకో పంచండి.

ఏ ఉప్పు అన్నారు. మనం వంటలో వాడే తెల్లటి ఉప్పు చాలు. అయోడిన్ కలిపినదైనా ఇబ్బంది లేదు, ఈ మోతాదులో అది గుర్రానికి మేలే. గులాబీ రాయి గురించి మీకు చెప్పినవాళ్ళు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ అందులో 97, 98 శాతం మామూలు ఉప్పే. ఆ రంగు ఎక్కువగా ఇనుము వల్ల వచ్చింది. మిగతా ఖనిజాలు ఉన్నమాట నిజమే, కానీ గుర్రం అవసరంతో పోలిస్తే అవి లెక్కలోకి రానంత తక్కువ. రాగి కోసమో జింక్ కోసమో ఆ రాయి మీద ఆధారపడితే ఆ లోటు అలాగే ఉండిపోతుంది.

అది ఎందుకు అరగలేదో కూడా చూద్దాం. ఆవు నాలుక ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, రాయి మీద రెండుసార్లు లాగితే ఉప్పు ఊడి వస్తుంది. గుర్రం నాలుక మెత్తన. గట్టి దిమ్మను ఎంత నాకినా వచ్చేది తక్కువ. నాలుక మంట పుట్టి మానేసేవీ ఉంటాయి, విసుగొచ్చి పళ్ళతో మూలలు కొరికేవీ ఉంటాయి. అదే సాలలో ఒక గుర్రం దిమ్మను నెలలో కరిగించేస్తే పక్కది ముట్టనే ముట్టదు. కాబట్టి దిమ్మ తీసెయ్యమని నేను చెప్పను, వాన పడని చోట ఉండనివ్వండి. దాన్ని చూసుకుని దాణాలో ఉప్పు మానొద్దు, అంతే. వీలైతే దిమ్మ పక్కనే ఓ చిన్న గిన్నెలో పొడి ఉప్పు కూడా పెట్టి ఉంచండి, ఇంకా కావాలనుకుంటే అక్కడ నాకుతుంది. బెల్లపు మడ్డి కలిపిన తియ్యటి దిమ్మలు మాత్రం వద్దు. వాటిని గుర్రం ఉప్పు కోసం కాదు, తీపి కోసం కొరికి తినేస్తుంది.

పెద్దవాళ్ళ భయం సంగతి. ఆరోగ్యంగా ఉండి, ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు అందుబాటులో ఉన్న గుర్రానికి నేను చెప్పిన మోతాదులో ఉప్పు కిడ్నీలను పాడుచెయ్యదు. నీళ్ళు కొంచెం ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, కింద పరిచిన గడ్డి మామూలుకన్నా తడుస్తుంది. అందులో కంగారుపడాల్సింది లేదు. ప్రమాదం వచ్చేది నీళ్ళు లేనప్పుడు. తొట్టి ఎండిపోయినా, పాచిపట్టి తాగలేకపోయినా, పైన మంచు గడ్డకట్టినా ఉప్పు విషమవుతుంది. కడుపునొప్పి, విరేచనాలు, తూలడం, చూపు మందగించడం దాని లక్షణాలు. అందుకని ఉప్పు మొదలుపెట్టిన రోజు నుంచి నీళ్ళ తొట్టిని మీరే స్వయంగా చూడండి, ఎవరికో అప్పజెప్పి ఊరుకోకండి. తాగే నీళ్ళలో మాత్రం ఉప్పు కలపకండి. ఆ రుచి నచ్చక అది నీళ్ళే మానేస్తే ఇంకా కష్టం. కలిపిన బకెట్టు పెట్టాలనిపిస్తే పక్కన మామూలు నీళ్ళ బకెట్టు తప్పకుండా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్న గుర్రానికి, పాలు తాగే పిల్లకు ఈ లెక్కలు వర్తించవు, అక్కడ డాక్టర్ చెప్పినట్టే చెయ్యాలి.

దానికేం కావాలో దానికే తెలుసు అన్న మాటలో సగం నిజం ఉంది. ఉప్పు విషయంలో గుర్రానికి ఆ కోరిక నిజంగానే ఉంది, తక్కువైతే వెతుక్కుంటుంది. మీ గోడే సాక్ష్యం. కానీ కాల్షియం, రాగి, జింక్ లాంటివాటికి అలాంటి కోరిక ఉందని తేలలేదు. కాల్షియం తక్కువైన మేత తింటున్న గుర్రాల ముందు కాల్షియం పెట్టి చూస్తే, అవి దాన్ని వెతుక్కుని తినలేదు. వరసగా పది గిన్నెల్లో పది పొడులు పెట్టి, కావలసింది అదే ఎంచుకుంటుందని వదిలెయ్యడం రుచికి వదిలెయ్యడమే అవుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపేసిన మాటకు వస్తున్నాను. రోజుకు రెండు కిలోల గోధుమ తవుడు. మీరు దాన్ని మామూలుగా రాసేశారు. నాకు మాత్రం గోడ నాకడం కంటే ఇదే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది.

ఎముకలకు కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ కావాలి, కానీ ఫాస్ఫరస్ ఎప్పుడూ కాల్షియాన్ని మించకూడదు. మొత్తం మేతలో ఒక వంతు ఫాస్ఫరస్‌కు ఒకటిన్నర నుంచి రెండు వంతుల కాల్షియం ఉంటే బాగుంటుంది. గోధుమ తవుడులో ఇది పూర్తిగా తలకిందులు. కిలో తవుడులో ఫాస్ఫరస్ 11, 12 గ్రాములు ఉంటే కాల్షియం ఒక గ్రాము పైన, అంతే. పని లేని 350 కిలోల గుర్రానికి రోజంతటికీ కావలసిన ఫాస్ఫరస్ దాదాపు 10 గ్రాములు, కాల్షియం 14 గ్రాములు. మీ తవుడు ఒక్కటే 22 గ్రాముల పైన ఫాస్ఫరస్ పోస్తోంది. ఓట్స్ కూడా ఫాస్ఫరస్ వైపే మొగ్గుతాయి. ఎండుగడ్డిలో కాల్షియం బాగా ఉంటే కొంత సర్దుకుంటుంది. లేకపోతే రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి ఒళ్ళు ఎముకల్ని కరిగించుకుంటుంది. ఇది నెలల తరబడి చప్పుడు లేకుండా జరుగుతుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి అది చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటడం, అడుగు చిన్నదైపోవడం, నమలడం కష్టమవడం, చివరికి కళ్ళకు కిందుగా ముఖం ఎముక రెండు వైపులా ఉబ్బడం. పూర్వం పిండిమిల్లుల్లో తవుడు తిని పెరిగిన గుర్రాల్లో ఎక్కువగా కనిపించిన జబ్బు ఇదే.

నేపియర్, సెటేరియా, బఫెల్, కికుయు లాంటి గడ్లు పెడుతున్నారా అన్నది కూడా చూసుకోండి. వీటిలో ఆక్సలేట్ ఎక్కువ. అది గడ్డిలో ఉన్న కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. ఆ గడ్డి, ఈ తవుడు కలిస్తే దెబ్బ రెండింతలు.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. తవుడును రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించి గుప్పెడు రెండు గుప్పెళ్ళకు తెచ్చెయ్యండి, ఉప్పూ మందులూ కలపడానికి అది చాలు. ఆ స్థానంలో మంచి ఎండుగడ్డి పెంచండి. లూసర్న్ అనే చిక్కుడు జాతి మేత దొరికితే కొంత కలపండి, అందులో కాల్షియం పుష్కలం. తగ్గించేలోపు కిలో తవుడుకు 30 గ్రాముల చొప్పున మేతలకు వాడే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, కలిపితే తవుడు మేరకు లెక్క సమానమవుతుంది. ఒక్క జాగ్రత్త: గోడలకు వేసే సున్నం వేరు, అది నోరూ గొంతూ కాల్చేస్తుంది. సంచి మీద కాల్షియం కార్బొనేట్ అని, మేతకు పనికొచ్చేదని చూసే తీసుకోండి. డీసీపీ అని డైకాల్షియం ఫాస్ఫేట్ కూడా దొరుకుతుంది. అది మంచిదే కానీ మీ అవసరానికి కాదు. అందులో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది, మీ గుర్రానికి అది ఇప్పటికే ఎక్కువైంది.

మిగతా ఖనిజాల్లో ఎండుగడ్డి మీద బతికే గుర్రాలకు తరచుగా తగ్గేవి రాగి, జింక్. నేలను బట్టి సెలీనియం, అయోడిన్ కూడా. 350 కిలోల గుర్రానికి రోజుకు రాగి 70 మిల్లీగ్రాములు, జింక్ 280, అయోడిన్ రెండున్నర, సెలీనియం 0.7 మిల్లీగ్రాములు చాలు. ఆ చివరి అంకెను ఇంకోసారి చూడండి, మిల్లీగ్రాము కూడా లేదు. సెలీనియంలో చాలీ చాలనిదానికీ విషానికీ మధ్య ఎడం బాగా తక్కువ. ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు ఊడతాయి, గిట్టల పైఅంచు దగ్గర అడ్డంగా పగుళ్ళు వస్తాయి. 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని వెల్లింగ్టన్‌లో పోలో పోటీకి వచ్చిన 21 గుర్రాలు ఒక్కసారిగా కూలిపోయి చనిపోయాయి. వాటికి ఎక్కించిన ప్రత్యేకంగా తయారుచేయించిన విటమిన్ మందులో సెలీనియం ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పడిందని తర్వాత తేలింది. మేలు చెయ్యాలనే వేశారు. అందుకే నేను గుప్పెడు అన్న కొలతను మినరల్ పొడికి ఎప్పుడూ ఒప్పుకోను.

ఇనుము సంగతి రెండు మాటల్లో. గడ్డిలో, మట్టిలో, నీళ్ళలో గుర్రానికి కావలసినదానికన్నా ఎక్కువే దొరుకుతుంది. రక్తం పట్టడానికని టానిక్కులు పోస్తుంటారు, గుర్రం నీరసానికి ఇనుము లోటు కారణం కావడం చాలా అరుదు. ఎర్రటి దిమ్మలకు ఆ రంగు ఇనుముదే, దాని కోసం వాటిని కొనక్కర్లేదు.

మీ మేతలో ఏది తక్కువో కళ్ళతో చూసి చెప్పలేం. నల్ల గుర్రం వెంట్రుకల చివర్లు తుప్పురంగు తిరిగితే రాగి తక్కువంటారు, అది ఎండకూ అవుతుంది. గట్టిగా తెలియాలంటే గడ్డిని పరీక్ష చేయించాలి. ఒక్క కట్టలోంచి గుప్పెడు లాగి పంపితే ఆ కట్ట సంగతే తెలుస్తుంది. పది పదిహేను కట్టల లోపలి నుంచి కొంచెం కొంచెం తీసి, కలిపి పంపండి. ఏడాదికి సరిపడా గడ్డి ఒకేసారి నిల్వ చేసుకునేవాళ్ళకు ఇది ఎంతో ఉపయోగం. పరీక్షకు వీలు లేకపోతే, గుర్రాల కోసమే తయారైన మినరల్ మిక్చర్ ఒకటి, ఒక్కటే, డబ్బా మీద బరువుకు రాసిన మోతాదులో వెయ్యండి. గిట్టలకు ఒకటి, మెరుపుకు ఒకటి, బలానికి ఒకటి అని మూడు డబ్బాలు కలిపితే మూడింట్లోనూ సెలీనియం ఉండొచ్చు. ఏ డబ్బా కొన్నా దాని మీద రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు అందుతాయో రాసి ఉండాలి. అంకెలు లేకుండా పేర్లు మాత్రమే రాసినదాన్ని నేనైతే కొనను. సంచిలో కొనే గుర్రపు దాణా ఇప్పటికే పూర్తి మోతాదులో వేస్తున్నవాళ్ళకు అందులోనే ఖనిజాలు కలిపి ఉంటాయి, వాళ్ళకు పైన ఉప్పు తప్ప ఇంకేమీ అక్కర్లేకపోవచ్చు.

ఎలెక్ట్రోలైట్ పొడుల గురించి, అంటే చెమటలో పోయే లవణాలు కలిపిన పొడుల గురించి, మీరు అడగలేదు గానీ, వారపు సవారీ పేరు చెప్పి ఎవరో ఒకరు మీకు అంటగడతారు. గంట స్వారీకి అవి అవసరం లేదు, ఉప్పూ గడ్డీ చాలు. పొటాషియం గడ్డిలోనే ఉంది. మూడు నాలుగు గంటలు ఎండలో చెమటోడ్చే రోజైతే రెండు మూడు వంతుల ఉప్పుకు ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి తడిపిన దాణాలో ఇవ్వొచ్చు. కొన్న పొడి అయితే పైన రాసిన మొదటి పదార్థం చూడండి. చక్కెర అయితే పక్కన పెట్టెయ్యండి. పూర్తిగా నీరసించి నీళ్ళు తాగని గుర్రం నోట్లో చిక్కటి ఎలెక్ట్రోలైట్ పేస్టు కుక్కకూడదు. అది పేగుల్లోకి ఇంకా నీళ్ళు లాగుతుంది, కడుపులో పుండ్లు ఉంటే ఎక్కువవుతాయి. క్వార్టర్ హార్స్ జాతి గుర్రాల్లో కొన్నిటికి పొటాషియం పడని పుట్టు జబ్బు ఉంటుంది, మీది ఆ జాతి అయితే డాక్టర్ని అడగకుండా పొటాషియం జోలికి పోవద్దు.

చూడితో ఉన్న ఆడగుర్రం విషయం మీకు ఇప్పుడు లేకపోయినా చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. చివరి నెలల్లో తల్లి నుంచి రాగి పిల్ల కాలేయంలోకి చేరి నిల్వ ఉంటుంది, పాలల్లో అది తక్కువ. అందుకని ఆ నెలల్లో తల్లి మేతలో రాగి సరిపడా ఉండాలి. సముద్రపు నాచు పొడులు మాత్రం ఆ సమయంలో వెయ్యకండి. వాటిలో అయోడిన్ ఎంత ఉంటుందో ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ పొంతన ఉండదు. ఎక్కువైతే పిల్ల గొంతు వాపుతో పుడుతుంది.

ఉప్పు సరిగ్గా అందడం మొదలయ్యాక రెండు మూడు వారాల్లో గోడ నాకడం బాగా తగ్గాలి. సోడియం తక్కువైందా అని రక్తపరీక్ష చేయించాలనుకుంటారేమో, దానివల్ల పెద్దగా తెలిసేది లేదు. కిడ్నీలు ఉన్నదాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి రక్తంలో అంకె మామూలుగానే వస్తుంది. కావాలంటే రక్తం, మూత్రం రెండూ కలిపి చూసే పరీక్ష ఉంది, డాక్టర్ని అడగండి. మూడు వారాల తర్వాత కూడా తగ్గకపోతే కారణం ఉప్పు కాదు. అప్పుడు చూడాల్సినవి వేరే. రోజులో ఎక్కువసేపు నోట్లో గడ్డి లేకుండా నిలబడుతోందా, ఒంటరిగా ఉంటోందా, కడుపులో పుండ్లున్నాయా, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు, పళ్ళు ఎలా ఉన్నాయి.

ఇంతకాలం మట్టి తిన్నది కాబట్టి ఇసుక సంగతి కూడా తేల్చుకోండి. నేలకు తగలని తాజా లద్దెలు నాలుగైదు తీసుకుని, పైన మట్టి అంటుకోనివి చూసి, గాజు సీసాలో నీళ్ళు పోసి కలిపి పావుగంట కదపకుండా ఉంచండి. పీచు పైన ఉంటుంది. అడుగున ఇసుక చెంచాడో అంతకన్నా ఎక్కువో పేరుకుంటే పేగుల్లో ఇసుక ఉన్నట్టే. ఏమీ కనబడకపోయినా పూర్తిగా లేదని కాదు, ఒకటి రెండు రోజులు మళ్ళీ చూడండి. ఇసుక ఉంటే, లేదా అది పక్కలు తిరిగి చూసుకుంటూ, కాలితో నేల తవ్వుతూ, మేత వదిలేస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ని పిలవండి. వచ్చినప్పుడు తవుడు ఎన్నాళ్ళుగా ఎంత పెడుతున్నారో ముందుగా చెప్పి, దవడలు, ముఖం ఎముకలు, నడక ఒకసారి చూడమనండి. ఏ గడ్డి పెడుతున్నారో, ఆ పశువుల పొడి ఒక్కసారైనా పెట్టారో లేదో దాచకుండా చెప్పండి. పెట్టి ఉంటే సంచి కూడా చూపించండి.